ఏడింటికీ తొమ్మిదింటికీ మధ్య

దరఖాస్తులో ఒక గడి ఉంటుంది:
గత ఐదేళ్లలో ఏం చేశారు?
స్ట్రువాన్ అక్కడ ఏమీ రాయలేదు,
గీత కూడా గీయలేదు.
పెన్ను ఆనించి ఎత్తేసిన చుక్క ఒకటి
నీలంగా కాగితం వెనక్కి దిగింది.

నేను ఆ చుక్కనే చదివాను.

డండీ ఊళ్లో, టే నది ఉప్పగా మారే చోట
ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే లాండ్రీ మాది.
నేను సెంగాని. ఇరవై రెండేళ్లుగా
ఈ ఆవిరిలోనే నా జుట్టు నెరిసింది.
మా తమ్ముడికీ ఒకప్పుడు ఇలాంటి గడే అడ్డొచ్చింది.
ఆ కథ ఇప్పుడు చెప్పను.

"పని ఏడింటికి మొదలు" అన్నాను.
టోపీని వేళ్ల మధ్య తిప్పుతూ
"మందుల షాపు తొమ్మిదింటికి తెరుస్తారు" అన్నాడు.
చిన్న ప్లాస్టిక్ గ్లాసులో ఆకుపచ్చ మందు,
వాళ్లు చూస్తుండగా మింగాలి, రోజూ.
అది పడకపోతే ఎముకలు అరుస్తాయట.

ఏడింటికీ తొమ్మిదింటికీ మధ్య
ఎన్ని ఉద్యోగాలు పడి మునిగాయో
లెక్క రాసిన పుస్తకం ఏ ఆఫీసులోనూ లేదు.

పై ఆఫీసుకి ఫోన్ చేశాను. కుదరదన్నారు.
మళ్లీ చేశాను. సెలవులో ఉన్నారన్నారు.
నాలుగోసారి ఎవరో అమ్మాయి విసుక్కుని
"మీ ఇష్టం" అని పెట్టేసింది.
నా ఇష్టం పదింటికి మొదలైంది.

మొదటి వారం అతని చేతులు వణికేవి.
యంత్రం మింగని పెద్ద దుప్పట్లు
ఇద్దరు నిలబడి మడవాలి మా దగ్గర.
అవతలి కొస బొజెనాది. పోలండు మనిషి, మాట పొదుపు.
అతను జారవిడిచినప్పుడల్లా
ఏమీ అనకుండా
మళ్లీ మొదటి మడత నుంచి మొదలుపెట్టేది.

అందరూ నిలబడతారని చెప్పను.
అతనికంటే ముందు వచ్చిన మెర్విన్
మూడో శుక్రవారం జీతంతో వెళ్లాడు, అంతే.
అతని లాకర్లో టిఫిన్ డబ్బా ఇంకా ఉంది.
తాళం ఇంకెవరికీ ఇవ్వలేదు నేను.

పందొమ్మిదో రోజు,
మాసిన మూట విప్పుతుంటే
దుప్పటికి అతుక్కుని ఒక పట్టీ.
అగ్గిపెట్టంత, అద్దంలా పలచన.
ఎవరి నొప్పికో వీపున అంటించింది,
సగం మందు ఇంకా లోపలే.
బొజెనాకి అది ప్లాస్టిక్ ముక్క.
అతనికి చదవడం వచ్చిన అక్షరం.

యంత్రాలు తిరుగుతూనే ఉన్నాయి.
స్ట్రువాన్ చెయ్యి పైకెత్తాడు,
బడిలో మంచినీళ్లకి అడిగే పిల్లాడిలా.
నేను వెళ్లేదాకా దించలేదు.
నలభై అడుగులు, నా పాడు మోకాళ్లతో.

"నువ్వు తియ్యి" అన్నాడు. "నేను చూడను."
గోడవైపు తిరిగి నిలుచున్నాడు,
మెడ వెనక చెమట కాలువ కట్టింది.
పసుపు డబ్బా మూత టక్కున పడ్డాక గానీ
ఇటు తిరగలేదు.
వీపు తట్టబోయి ఆగిపోయాను.
"ఇంకా నాలుగు మూటలున్నాయి" అన్నాను.
"ఐదు" అన్నాడు.

ఆ నెలే దరఖాస్తు వెనక్కొచ్చింది:
గడి ఖాళీగా ఉంది, నింపి పంపగలరు.
నీలం చుక్క పక్కనే రాశాను:
బతికి ఉన్నారు.
మళ్లీ తిరిగి రాలేదు ఆ కాగితం.

జీతం పడిన సాయంత్రం
తన బస్టాపుకి వేరే దారి లేదన్నాడు,
ఆ మూల దాటాల్సిందేనట.
మా ఇల్లు అటు కాదు.
అయినా అటే నడిచాను, వాన గురించి మాట్లాడుతూ.
మూలన, గొడుగు లేని మనిషి ఒకడు
అతన్ని చిన్ననాటి ముద్దుపేరుతో పిలిచాడు.

స్ట్రువాన్ పలకలేదు.
నా చేతిలో సంచీ లాక్కుని
"బరువుగా ఉంది కదా" అన్నాడు.
అందులో ఒక రొట్టె, నా కళ్లజోడు.

"అవును, చాలా బరువు" అన్నాను.